హైవే ఎక్కనన్న ఒట్టు

నంద్యాల గాంధీ చౌక్ దగ్గర కేశవులు సెట్టికి కిరాణా అంగడి ఉంది. చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న అంగళ్లకు సరుకు పోయేది అక్కడి నుంచే. ఆ గురువారం మధ్యాహ్నం, బేరాలు పలచబడిన వేళ, కేశవులు బిల్లులు కొట్టే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక గీతతో కుస్తీ పడుతున్నాడు. నంద్యాలలో మొదలై ఆళ్లగడ్డలో ఆగాల్సిన సైకిల్ దారి అది. తెరమీది మ్యాపులో దాన్ని మౌస్‌తో పట్టుకుని తూర్పుకి, మహానంది వైపుకి లాగుతాడు. చెయ్యి వదలగానే అది కొట్టానికి అలవాటుపడ్డ ఎద్దులాగా తిరిగి హైవే మీదికే వచ్చి నిలబడుతుంది.

"దీని దుంప తెగ! యాడికి లాగినా ఆడికే పోతాంది," అని విసుక్కున్నాడు.

గల్లాపెట్టె పక్కన జీలకర్ర తూచి కవర్లలో పోస్తున్న అనసూయ తల ఎత్తింది. గీత హైవే మీదికి పోయిన ప్రతిసారీ ఆమె చెయ్యి ఆగుతోంది. మొగుడి ఆరాటం చూసి నవ్వుకునే మనిషే గానీ, ఆ హైవే పేరెత్తితే మాత్రం ఆమెకు పై ప్రాణాలు పైనే పోతాయి. నిరుడు తిమోతి సారును లారీ వెనక నుంచి గుద్దింది దానిమీదే. కేశవులుతో కలిసి తొక్కే సైకిళ్ల గుంపులో అందరికన్నా జాగ్రత్తపరుడు ఆయనే. ప్రాణం దక్కింది గానీ, ఇప్పుడు ఆళ్లగడ్డలో ఇంటిపట్టున ఉండి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. సైకిల్ హ్యాండిల్‌కు బిగించుకునే తన జీపీఎస్‌ను "ఇంక నాకెందుకులే సెట్టీ" అని కేశవులుకే ఇచ్చేశాడు. దానితోనే ఆదివారం ఆళ్లగడ్డ దాకా తొక్కి, సారుకు కనిపించి రావాలని కేశవులు పట్టుదల.

"డాక్టరు సైకిల్ తొక్కమన్న మాట నిజమే," అంది అనసూయ. "ఆళ్లగడ్డకు తొక్కమని చెప్పినాడా?"

"గుండెకు స్టెంటు వేసి ఏడాది దాటింది. రోజూ తొక్కుతానే ఉండా కదా. నీకు నామీద నమ్మకం ల్యా?"

"మీమీద ఉంది. లారీల మీద ల్యా."

కేశవులు నవ్వాడు. ఆ నవ్వే ఆమెకు నచ్చలేదు. చేతికంటిన జీలకర్ర దులుపుకుని లేచి వచ్చింది. మౌస్ మీదున్న ఆయన చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"హైవే మీద చక్రం పెట్టనని ఒట్టెయ్యండి."

కేశవులు మొహంలో నవ్వు పోయింది. లెక్కల్లో ఎంత గట్టివాడైనా ఒట్టు దగ్గర ఆయన పిల్లవాడి కిందే లెక్క. ఒట్టు తప్పితే వేసినవాడికి ఏమీ కాదు, ఎవరి నెత్తిన చెయ్యి పెట్టాడో వాళ్లకే చెడు అని వాళ్లమ్మ నూరిపోసిన నమ్మకం అది. చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. అనసూయ వదల్లేదు.

"అడ్డంగా దాటొచ్చు కదా?" అన్నాడు, బేరం కుదిరితే చూద్దామన్నట్టు.

"దిగి, నడిపించుకోని దాటండి."

"సరే. ఒట్టు."

"చక్రం పెట్టనని నోటితో అనండి."

"హైవే మీద చక్రం పెట్టను. చాలా?"

చాలు. ఆ పూటంతా అనసూయ తేలికగా తిరిగింది. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఒక్క ఒట్టు కూడా తప్పని మనిషి చేత ఒట్టు వేయించుకున్నాక ఇంక భయమేముంది!

సాయంత్రం నవాజ్ వచ్చాడు. అంగడి వరసలోనే అతని సైకిల్ షాపు. దానికీ కిరాణా కొట్టుకూ మధ్యన అతని భార్య గౌసియా గాజుల అంగడి. ఆదివారం కేశవులుతో పాటు తొక్కేది నవాజే. ఒట్టు సంగతి విని నెత్తి గోక్కున్నాడు.

"అట్లయితే గుట్ట పక్క నుంచి పోవల్లన్నా. మహానంది రోడ్డున గాజులపల్లె దాకా పోయి, ఆడి నుంచి కాలవ గట్టు పట్టుకుందాం. మ్యాపులో ఆ దారి సగం ఉంది, సగం ల్యా."

ఇద్దరూ మ్యాపును ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలోకి మార్చారు. చేలు, కాలవ, కాలవ గట్టు మీద బండి చక్రాలు పోయిన జాడ కనిపించాయి. దారి లేదని మ్యాపు మొండికేసిన చోటల్లా కేశవులు ఒక్కో చుక్క పెట్టి, చుక్కను చుక్కతో కలుపుకుంటూ పోయాడు. కొండల నుంచి దిగి వచ్చే వంకలు రెండు ఆ దారికి అడ్డం పడ్డాయి. బొమ్మను పెద్దది చేసి చూశారు. రెండింటిలోనూ తెల్లటి ఇసుక, ఆ ఇసుక మీదుగా ట్రాక్టర్లు పోయిన చారలు.

"చుక్క నీళ్లు ల్యావు. దిగి తోసుకుంటే అయిపాయ," అన్నాడు నవాజ్.

ఆ బొమ్మ ఏ నెలలో తీసిందో ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. దారి దొరికిన సంబరంలో ఉన్నారు పాపం.

గీత పూర్తయ్యాక కేశవులు దాన్ని వైరు పెట్టి జీపీఎస్‌లోకి ఎక్కించాడు. అరచేతిలో ఇమిడే ఆ డబ్బాను అనసూయ ముందు పెట్టి, పెళ్లినాటి నగ చూపించినంత మురిపెంగా చూపించాడు. లావాటి నారింజ గీత హైవే. దానికి దూరంగా, కొండవార, ఊదారంగు గీత వాళ్లు పోయే దారి. రెండూ ఎక్కడా కలవలేదు.

"ఈ సన్న నీలం గీతలేంది?" అని వేలు పెట్టి అడిగింది.

"వంకలు. ఎండిపోయిండాయి. నీకవన్నీ అర్థం కావులే," అన్నాడు.

ఆ మాట చివుక్కుమనిపించింది. అయినా నారింజ గీతకు ఎడంగా పోతున్న ఊదా గీతను చూసి ఊరుకుంది.

శుక్రవారం గుట్టపల్లె నరసమ్మ సరుకుకు వచ్చింది. ఇంటి అరుగు మీదే ఆమె అంగడి. ఎప్పుడూ ఆటోలో ఒక మూలకు సరిపడా కట్టించుకునే మనిషి, ఈసారి ఆటో నిండా కట్టమంది.

"ఏందీ, ఊర్లో పెండ్లిండ్లా?" అంది అనసూయ.

"పెండ్లిండ్లు యాడివి సెట్టెమ్మా. కొండలో కురిస్తే మాకు అటొక వంక, ఇటొక వంక పారతాయి. నడాన మేం కూలబడతాం. అప్పుడు బీడీలకాడి నుంచి బెల్లం దాకా అందరూ నా అరుగు మీదనే పడతారు."

అనసూయ నవ్వి, బెల్లం దిమ్మలు ఒకటి ఎక్కువే వేసింది. ఆ మాటను సరుకు మాటగానే విన్నది. పోయేముందు నరసమ్మ ఎప్పటిలాగే కొత్త నంబరు చెప్పి, పాతదానికి ఊర్లో సిగ్నల్ అందడం లేదంది. అనసూయ ఫోన్‌లో ఎక్కించుకుంది.

శనివారం కేశవులు ఆమె ఫోన్‌లోకి ఒక లింకు పంపి నొక్కి చూపించాడు. జీపీఎస్ తన ఫోన్‌తో కలిసి, తానెక్కడున్నదీ మ్యాపు మీద చుక్కగా చూపిస్తుందన్నాడు. నీలం చుక్క కిరాణా కొట్టు మీదే మిణుకుమంటోంది. పక్కంగడి నుంచి తొంగి చూసిన గౌసియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాగుందక్కా. మొగుడు యాడ తిరుగుతాండేదీ కూచున్నకాడే కనిపిస్తాది. మా ఆయనకూ ఒకటి కట్టించు."

ఆదివారం తెల్లవారుతూనే ఇద్దరూ బయలుదేరారు. కేశవులు హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, అడక్కుండానే "ఒట్టు గుర్తుందిలే" అన్నాడు. వీధి మలుపు తిరిగేదాకా అనసూయ మెట్టు మీదే నిలబడింది. తర్వాత అంగడి తీసి, దీపం పెట్టి, ఫోన్‌ను త్రాసు పక్కన నిలబెట్టుకుంది.

ఒక్క చుక్కతో ఇంత పని ఉంటుందని ఆమె అనుకోలేదు. అది మహానంది రోడ్డున పోతుంటే ఆమె చింతపండు తూచింది. గాజులపల్లె దగ్గర ఆగితే, ఏమైందోనని తూకం ఆపేసింది. అంతలోనే నవాజ్ అక్కడ ఉగ్గాని తినకుండా కదలడని గుర్తొచ్చి కుదుటపడింది. చుక్క దక్షిణానికి తిరిగి కాలవ గట్టు ఎక్కింది. మొదటి నీలం గీతను దాటింది. ఎండ చుర్రుమంటోంది. ఆదివారం బేరం కాబట్టి చిల్లర జనమే ఎక్కువ. మధ్యలో గౌసియా వచ్చి టీ ఇచ్చి పోయింది.

రెండో నీలం గీత దగ్గర చుక్క ఆగింది.

అనసూయ మినప్పప్పు పోస్తూ చూసింది. ఆగే ఉంది. డబ్బులు తీసుకుని చిల్లర ఇచ్చి చూసింది. కదల్లేదు. మహానంది నుంచి వచ్చిన ఆటో మనిషి కొబ్బరికాయలు ఏరుకుంటూ, "రాత్రంతా కొండలో ఒకటే వానమ్మా. కోనేరు కాడ నీళ్లు ఎర్రగా వస్తాండాయి," అన్నాడు.

ఆమె పప్పు కొలిచే డబ్బాను బస్తాలోనే వదిలేసింది. అంగడి బయటికి వచ్చి తూర్పుకి చూసింది. నెత్తిన ఎండ ఉంది. దూరాన నల్లమల మీద మాత్రం మబ్బు నల్లగా కూర్చుని ఉంది. కొండలో కురిస్తే మాకు అటొక వంక, ఇటొక వంక. మొన్న నవ్వుతూ విన్న నరసమ్మ మాట అది. వాళ్ల గుట్టపల్లె ఉన్నది మ్యాపులోని ఆ రెండు నీలం గీతల మధ్యనే.

కేశవులుకు ఫోన్ చేసింది. అందుబాటులో లేరంది. నవాజ్‌కు చేసింది. అదీ అంతే. మ్యాపు చూస్తే చుక్క ఇప్పుడు నీలం గీత అంచుకు జరిగి ఉంది. కింద సన్న అక్షరాల్లో, చుక్క చివరిగా అక్కడ కనిపించిందని మాత్రమే రాసుంది.

వెనక్కి వద్దామన్నా దాటిన వంక కూడా ఈపాటికి పారుతూ ఉంటుంది. ముందు నీళ్లు, వెనక నీళ్లు. మిగిలింది పడమటికి, శిరివెళ్ల దగ్గర హైవేకు పోయే అడ్డదోవ ఒక్కటే. తెలివున్న ఏ మనిషైనా అటే పోతాడు. కానీ తన మొగుడు పోడు. ఎందుకు పోడో అనసూయకు బాగా తెలుసు. హైవే ఎక్కితే పెళ్లానికి చెడు జరుగుతుందని, ఆ మహానుభావుడు సైకిల్ ఎత్తుకుని నీళ్లలోకైనా దిగుతాడు. లారీల నుంచి కాపాడుకోవాలని తాను కట్టిన ముడే ఆయన్ను తీసుకుపోయి వంకలో నిలబెట్టింది.

ఫోన్‌లో గుట్టపల్లె నరసమ్మ పేరు వెతికి నొక్కింది. మోగింది.

"నరసమ్మా, మీ వంక పారతాందా?"

"ఎర్రటి నీళ్లు సెట్టెమ్మా. పొద్దున పారల్యా, ఇప్పుడే పట్టింది. ఏం?"

"మా ఆయన ఆ వంకకాడ సైకిల్‌తో ఉండాడు. నీ కాళ్లు మొక్కుతా, బిరీన పో. ఫోన్ పెట్టేయొద్దు. ఆయన చేతికియ్యి."

అటువైపు అరుగు దిగిన చప్పుడు, ఎవరినో "అంగడి సూడుమే" అని కేకేసిన గొంతు, తర్వాత ఎగశ్వాస. ఒక ఆడమనిషి ఒకే మాట కోసం చేల గట్ల మీద పరిగెత్తుతుంటే, ఇంకో ఆడమనిషి ఫోన్ చెవికి ఆనించుకుని ఆ పరుగు వింటూ నిలబడింది.

"ఉండారు సెట్టెమ్మా, ఇద్దరుండారు," అంది నరసమ్మ ఎగరొప్పుతూ. "సెట్టి సైకిల్ భుజాన పెట్టుకున్యాడు. మోకాళ్లు దాటినాయి నీళ్లు. ఓ సెట్టీ! యా, నిన్నే! నిలబడు! మీ ఇంట్లో నుంచి ఫోను!"

నరసమ్మ ఫోన్ పట్టుకుని నీళ్లలోకి దిగినట్టుంది, హోరు దగ్గరైంది. ఆ తర్వాత కేశవులు గొంతు, ఏమీ జరగనట్టు.

"ఏం ల్యా అనసూయా, నడుము దాకా కూడా రాలేదు. పది అంగలేస్తే అవతల గట్టే."

"నవాజ్‌కియ్యండి."

"వదినా," అన్నాడు నవాజ్, ఏడుపు గొంతుతో. "ఇంకా పెరుగుతాది, రేపటి దాకా దిగదంటాండారు. పెరగకముందే దాటల్లంటాడు అన్న. శిరివెళ్లకు పోదాం రా అంటే రాడు. సైకిళ్లు ఆటోలో వేసుకోని పోదాం, మన చక్రం ఆనదంటి. ఆటోకు మాత్రం చక్రాలు ల్యావా అంటాడు. చెప్పి చెప్పి నా నోరు పడిపాయ."

"ఫోన్ ఆయన చెవికి పెట్టు."

పెట్టినట్టు తెలిసింది. ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"ఆ ఒట్టు వేయించుకుంది నేను," అంది అనసూయ. "నేనే తీసేస్తాండా. ఇప్పుడే తీసేసినా. గట్టెక్కు."

"ఒట్టు అట్ల పోదు. నీ నెత్తిన చెయ్యి పెట్టి వేసింది. నీకేమన్నా అయితే?"

"నాకేం కాదు. నువ్వు ఇంకొక్క అడుగు లోపలికి వేసినావంటే మాత్రం నేనీడనే పడి సస్తా. హైవే ఎక్కు. ఎడమ పక్కన తెల్లగీత దాటకుండా నిదానంగా పో. ఆళ్లగడ్డే దగ్గిర. సారు ఇంటికి చేరు. విన్యావా? నిన్నే!"

పెళ్లయిన నాటి నుంచి 'మీరు' తప్ప అనని మనిషి. అంగట్లో నిలబడి, ఇరుగుపొరుగు వింటుండగా, మొగుణ్ణి నువ్వని గద్దించింది. అటు ఫోన్ మళ్లీ చేతులు మారింది. తర్వాత నరసమ్మ గొంతు వచ్చింది.

"వెనక్కొస్తాండాడు సెట్టెమ్మా. గట్టెక్కినాడు. సైకిల్ దింపినాడు. నువ్వు ఏడవొద్దు. ఒక చెంబు మజ్జిగ తాపి, శిరివెళ్ల దోవ పట్టిస్తా."

అనసూయ బియ్యం బస్తా మీద కూర్చుండిపోయింది. పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. కొంగుతో మొహం తుడుచుకుని, ముందున్న ముసలాయన్ను "ఏం కావాలప్పా?" అని అడిగింది. ఆయన తాను అడగవలసింది మరిచిపోయి, అగ్గిపెట్టె కొనుక్కుని పోయాడు.

చాలాసేపటికి చుక్క మళ్లీ మెదిలింది. పడమటికి పోయింది. శిరివెళ్ల దగ్గర లావాటి నారింజ గీత మీదికి ఎక్కింది. అనసూయ కళ్లు మూసుకుని తెరిచింది. చుక్క నెమ్మదిగా దిగువకు జారుతోంది. ఆ పక్కనుంచి ఎన్ని లారీలు పోతున్నాయో మ్యాపు చూపించదు, అదొక మేలు.

కాసేపటికి చుక్క ఆగింది. ఛాతీ పట్టుకున్నాడేమో అనుకుంది. అంతలో గౌసియా వచ్చి చిల్లర ఉందా అని అడిగింది. ఇచ్చింది. చిల్లర తీసుకుని పోకుండా గౌసియా ఆమె మొహాన్నే చూసింది. తిరిగి చూస్తే చుక్క కదిలింది. హమ్మయ్య.

ఇంకొంత దూరం పోయి మళ్లీ ఆగింది. గౌసియా మళ్లీ వచ్చింది. ఈసారి చక్కెర.

"కాళ్లేమన్నా గుంజుతాండాయా అక్కా? కండ్లు తిరగడం గట్రా?"

"నాకెందుకు తిరుగుతాయి గౌసియా? నువ్వు పోమ్మా, నా పానం ఆ చుక్క మీదుంది."

చుక్క కదిలింది. మళ్లీ ఆగింది. ఎందుకిన్నిసార్లు ఆగుతున్నాడు? ఆయాసమా, నొప్పా? తానే హైవే ఎక్కించింది. ఏమైనా అయితే ఎవరికి చెప్పుకోవాలి? అడుగుదామని ఫోన్ చేస్తే అవతల వేరే కాల్‌లో ఉన్నారంది. తలెత్తేసరికి గౌసియా మళ్లీ గడప దగ్గర ఉంది. ఈసారి ఏమీ అడగలేదు. ఫోన్ వీపు వెనక పెట్టుకుని, అనసూయను నెత్తి నుంచి కాళ్ల దాకా చూస్తోంది.

"ఏందే నీ తంతు?" అంది అనసూయ. "పొద్దున్నుంచి గడప తొక్కుతాండావ్."

ఇంక దాచడం గౌసియా వల్ల కాలేదు.

"నేనేం చేసేదక్కా! అన్న నిలబడి నిలబడి నాకు ఫోన్ చేస్తాండాడు. 'హైవే ఎక్కినా, మీ అక్కకేమన్నా అయిందేమో సూసి రా. నేనడిగినానని చెప్పొద్దు' అంటాడు. ఏమీ కాలేదన్నా, పప్పు అమ్ముతాంది అంటే నమ్మడు. కాళ్లు సూడు, కండ్లు సూడు అంటాడు. నువ్వు బాగుండావని చెప్తే గాని సైకిల్ ఎక్కడంట."

తాను ఈ చివర కూర్చుని ఆ చుక్క ఊపిరి లెక్కపెడుతుంటే, ఆ చుక్క ఆ చివర ఆగి ఆగి తన ఊపిరి లెక్కపెడుతోంది. నొప్పి వచ్చిందేమోనని తాను అల్లాడిపోయిన ప్రతిచోటా, లారీల గాలిలో నిలబడి ఆయన అడిగింది తన గురించే. నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

గౌసియా వీపు వెనక నుంచి ఫోన్ తీసింది. అది ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"నగుతాంది అన్నా," అంది గౌసియా అందులోకి. "లే, ఏడుస్తాంది. రెండూ చేస్తాంది. ఏం కాలేదు, గుండ్రాయి మాదిరుంది."

అనసూయ చెయ్యి చాపి ఆ ఫోన్ తీసుకుంది. అవతల లారీ చప్పుడు లేదు. ఉలి మీద సుత్తి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అంటే ఆళ్లగడ్డ వచ్చేసింది, తిమోతి సారు వీధి వచ్చేసింది. అక్కడ ఇంటింటి ముందు రాతి విగ్రహాలు చెక్కుతుంటారు.

"నన్నే అడగచ్చు కదా?" అంది.

"నిన్నడిగితే బాగుండానంటావు," అన్నాడు కేశవులు. "జరమొచ్చి పడుకున్న నాడు కూడా అదే అంటివి."

ఉలి చప్పుళ్ల మధ్య ఆయన ఆమె మాట కోసం కాచుకుని ఉన్నాడు.

"నిజంగానే బాగుండా. ఈ రాత్రికి సారు ఇంట్లో పడుకో. రేప్పొద్దున నిదానంగా తొక్కుకుంటూ రా."

"యా దోవన?"

"నీ ఇష్టం," అంది అనసూయ. "నీళ్లు ల్యాని దోవ ఏదైనా సరే."